ఇరవయ్యా? అరవయ్యా? కాటా చేత తెలుగు పలికించిన కథ

ఇరవై, అరవై. ఈ రెండు మాటలూ ఓసారి పైకి అనండి. తర్వాత యాభై, ఎనభై, తొంభై అనండి. గమనించారా, ఇరవై నుంచి తొంభై దాకా మన పదుల లెక్కలన్నీ 'ఐ'తోనే ముగుస్తాయి. తోక ఒకటే, తల వేరు. ఎదురుగా కూర్చుని చెబితే ఈ తేడా చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. అదే మాట రోడ్డు పక్క కొట్లో, నెత్తిన ఫ్యాను గరగరలాడుతుంటే, గుమ్మం ముందు ఆటో ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంటే, అరచేతిలో పట్టే స్పీకర్లోంచి వస్తే? తల కాస్త తెగినా చాలు, నూట ఇరవై గ్రాములు నూట అరవై అయిపోతుంది. జీడిపప్పులో నలభై గ్రాములంటే ముప్ఫై రూపాయల పైమాటే.

గుంటూరు జిల్లాలో మా బాబాయికి చిన్న కిరాణా కొట్టుంది. నీటికాసుల జబ్బుతో ఆయన చూపు పోయింది. ఆ జబ్బులో పోయిన చూపు తిరిగి రాదు. అయినా కొట్టు మూయలేదు. ఏ డబ్బాలో ఏ పప్పుందో చేతికి తెలుసు, నోట్లు తడిమి చెప్పగలడు, లెక్క నోటితోనే. ఒక్క కాటా దగ్గరే ఆగిపోయేవాడు. ఎలక్ట్రానిక్ కాటా అంకెల్ని ఎర్రగా వెలిగించి చూపిస్తుంది గానీ నోరు తెరిచి చెప్పదు కదా. ఆ అంకె చదివి చెప్పడానికి పిన్ని పక్కనే ఉండాలి. పిన్ని పొలానికో ఆసుపత్రికో వెళితే విడి సరుకుల అమ్మకం బంద్.

నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పేవాణ్ణి. "ఒరే, ఫోన్లు మాట్లాడుతున్నాయి, లిఫ్టులు మాట్లాడుతున్నాయి. నా కాటా మాట్లాడలేదంట్రా?" అన్నాడు బాబాయ్. మాట్లాడించొచ్చు. అదేం పెద్ద విద్య కాదు. అర్థమయ్యేలా మాట్లాడించడమే అసలు పని.

సీలు జోలికి పోకుండా

మొదటి నియమం: కాటా లోపల చెయ్యి పెట్టకూడదు. వ్యాపారానికి వాడే కాటాను తూనికలు, కొలతల శాఖవాళ్లు పరీక్షించి ముద్ర వేస్తారు. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ఆ ముద్ర ఉన్న కాటాతోనే అమ్మాలి. అందుకని సొంతంగా కాటా తయారు చేయడం, ఉన్నదాన్ని విప్పడం రెండూ వద్దనుకున్నాను. చాలా కాటాలకు వెనకవైపు బిల్లు ప్రింటర్ కోసం ఆర్‌ఎస్‌232 అనే సాకెట్ ఉంటుంది. తెర మీద కనిపించే అంకె ఆ తీగలోంచి కూడా వస్తూ ఉంటుంది. దాన్ని వినడానికి ఒక మైక్రోకంట్రోలర్, మధ్యలో వోల్టేజీ సరిచేసే చిన్న చిప్పు ఉంటే చాలు. ఒకే అంకె ఒక సెకను పాటు కదలకుండా నిలబడితే తూకం కుదిరినట్టు. అప్పుడు పలకాలి.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్పులో ఇమిడిన బుల్లి కంప్యూటర్. వాషింగ్ మెషీన్లో, ఇన్వర్టర్లో ఉండేది అదే. అంకెలు చదవడం దానికి మంచినీళ్ల ప్రాయం. చిక్కంతా ధ్వని దగ్గరే.

చిప్పుకు గొంతు లేదు

ధ్వని అంటే ఎగిసి పడే అల. పిల్లలంతా నేర్చుకునే ఆర్డుయినో ఊనో బోర్డులోని ఏటీమెగా 328పీ చిప్పుకు అల పుట్టించే చెయ్యి లేదు. దాని కాలికి వచ్చినవి రెండే: 5 వోల్ట్లు ఇవ్వడం, లేదా సున్నా ఇవ్వడం. మధ్యలో రెండున్నర కావాలంటే? కుళాయిని పూర్తిగా తిప్పడం, పూర్తిగా కట్టేయడం తప్ప తెలియని మనిషికి సగం ధార కావాలనుకోండి. చకచకా తిప్పుతూ కట్టేస్తూ ఉంటాడు. చిప్పూ అదే చేస్తుంది. దీన్నే పీడబ్ల్యూఎం అంటారు. 16 మెగాహెర్ట్జ్ గడియారాన్ని 256తో భాగిస్తే సెకనుకు 62,500 సార్లు. ప్రతిసారీ ఎంతసేపు తిప్పి ఉంచాలో 256 మెట్లలో చెప్పొచ్చు.

ఈ తిప్పడం, కట్టేయడం వల్ల వచ్చే గోల మన చెవికి అందదు గానీ, యాంప్లిఫయర్‌ను తికమక పెడుతుంది. దాన్ని వడకట్టాలి. 1 కిలోఓమ్ రెసిస్టర్, 22 నానోఫారడ్ కెపాసిటర్ కలిపితే 7.2 కిలోహెర్ట్జ్ దగ్గర ఒక గేటు ఏర్పడుతుంది. మాట దాటిపోతుంది, 62.5 కిలోహెర్ట్జ్ గోల సుమారు తొమ్మిదో వంతుకు తగ్గుతుంది. రెండంచెలు పెడితే ఇంకా తగ్గుతుంది. ఈ రెండు భాగాలకూ కలిపి టీ ఖర్చు కూడా కాదు. అయినా నా దగ్గరికొచ్చే విద్యార్థుల ప్రాజెక్టుల్లో సగానికి ఇవి ఉండవు. స్పీకర్‌ను తిన్నగా చిప్పు కాలికి కట్టేస్తారు. 8 ఓమ్‌ల స్పీకర్ 5 వోల్ట్ల దగ్గర 600 మిల్లీయాంపులకు పైగా లాగుతుంది. ఆ కాలు తట్టుకునే పరిమితి 40. పాపం చిప్పు ఏం చేస్తుంది?

ఇక 256 మెట్ల సంగతి. గట్టిగా పలికినప్పుడు సరిపోతాయి. మాట చివర స్వరం తగ్గుతూ పదహారో వంతుకు వచ్చిందనుకోండి, వాడుకలో మిగిలేవి 16 మెట్లే. అల నునుపు పోయి మెట్లమెట్లుగా తయారవుతుంది. చెవికది గరగర. లెక్కల్లో చెప్పాలంటే 8 బిట్ల ధ్వనిలో మాటకూ గరగరకూ మధ్య దూరం సుమారు 50 డెసిబెల్స్. సీడీల్లో వాడిన 16 బిట్లకు 98. రెండు కాళ్లను 3.9 కిలోఓమ్, 1 మెగాఓమ్ రెసిస్టర్లతో జోడించి, ఒకదానికి పెద్ద మెట్లు, రెండోదానికి చిన్న మెట్లు అప్పగించే కిటుకు ఒకటుంది. బాగానే పనిచేస్తుంది. కానీ ఊనో కాలి మీద వచ్చే అల ఎత్తు దానికిచ్చే 5 వోల్ట్ల మీదే ఆధారపడుతుంది. ఛార్జర్‌లో ఉన్న గోలంతా మాటలోకి దిగుతుంది. బిట్లు పెంచినంత మాత్రాన అది పోదు.

8 వేలా, 16 వేలా?

రికార్డు చేసిన గొంతును సెకనుకు ఎన్నిసార్లు కొలిచి దాచుకోవాలి? ఎన్నిసార్లు కొలిస్తే అందులో సగం దాకా ఉన్న స్వరాలే నిలుస్తాయి. సెకనుకు 8 వేలసార్లు కొలిస్తే 4 కిలోహెర్ట్జ్‌కు పైనున్నదంతా గోవిందా. పాత ల్యాండ్‌లైన్ ఫోను ఇంకా తక్కువ, 3.4 కిలోహెర్ట్జ్ దాకానే మోసేది. అందుకే ఫోన్లో పేరు చెబుతుంటే "స నా, ఫ నా?" అని అడిగించుకునేవాళ్లం. 'స' బలమంతా 4 కిలోహెర్ట్జ్ పైనే ఉంటుంది మరి. ప, త, క లాంటి హల్లుల మొదట్లో వచ్చే చిన్న చిట్లింపును పోల్చుకోవడానికి కూడా ఆ పై స్వరాలు సాయపడతాయి.

నిశ్శబ్దంగా ఉన్న గదిలో 8 వేలు చాలు. కొట్లో చాలదు. గోలలో చెవి దొరికిన ప్రతి ఆనవాలునూ పట్టుకుంటుంది. 16 వేలకు వెళితే 8 కిలోహెర్ట్జ్ దాకా ఆనవాళ్లు మిగులుతాయి. సీడీలాగా 44,100 అక్కర్లేదు. పాట కాదు కదా, పప్పు తూకం.

సెకనుకు 16 వేలు, ఒక్కోటి 2 బైట్లు, అంటే సెకను మాటకు 32 వేల బైట్లు. ఊనోలో ఉన్న మొత్తం మెమరీ 32 కిలోబైట్లు. ఒక్క మాట పట్టడం కూడా కష్టమే. 1978లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌వాళ్లు 'స్పీక్ అండ్ స్పెల్' అనే మాట్లాడే బొమ్మను తెచ్చినప్పుడు మెమరీ మరీ ఖరీదు. అందుకని గొంతును దాచకుండా, గొంతు ఎలా కదులుతుందో చెప్పే లెక్కల్ని దాచి, చిప్పులోనే మాట పుట్టించారు. మనకిప్పుడు ఆ అవస్థ లేదు. బుల్లి ఎస్‌డీ కార్డు పెడితే మనిషి గొంతును ఉన్నదున్నట్టు దాచుకోవచ్చు.

రెండు బిందెల పద్ధతి

ఇక్కడికొచ్చాక ఊనోను పక్కన పెట్టి ఈఎస్‌పీ32 తీసుకున్నాను. దీన్లోనూ 8 బిట్ల ధ్వని కాళ్లు రెండున్నాయి. వాటిని వాడలేదు. దీనికి ఐ2ఎస్ అనే దారి ఉంది. 1986లో ఫిలిప్స్ కంపెనీ ధ్వని అంకెల్ని చిప్పు నుంచి చిప్పుకు పంపడానికి పెట్టిన పద్ధతి అది. మూడే తీగలు: ఒకటి తాళం వేస్తుంది, ఒకటి కుడి ఎడమలు చెబుతుంది, మూడోది అంకెల్ని మోస్తుంది. అవతలి కొసన మ్యాక్స్98357ఏ అనే చిప్పు. అంకెల్ని అలగా మార్చేదీ, స్పీకర్‌ను తోసే యాంప్లిఫయరూ రెండూ అందులోనే. 4 ఓమ్‌ల స్పీకర్‌కు సుమారు 3 వాట్లు ఇస్తుంది. 16 బిట్ల అంకెలు చివరిదాకా అంకెలుగానే వెళతాయి కాబట్టి దారిలో గోల కలిసే చోటు తగ్గింది.

అయితే కార్డుకు ఒక బద్ధకం ఉంది. అడిగిన వెంటనే ఇవ్వకుండా అప్పుడప్పుడూ కొన్ని పదుల మిల్లీసెకన్లు నానుస్తుంది. కార్డు నుంచి ఒకసారి వచ్చే 512 బైట్లు 16 మిల్లీసెకన్లకే ఖర్చయిపోతాయి. ఈలోగా తర్వాతి ముక్క రాకపోతే మాట మధ్యలో 'టక్' మంటుంది. పెళ్లిళ్లలో వంటవాళ్ల దగ్గర చూడండి. ఒక బిందె ఒంపుతుంటే రెండో బిందె నిండుతూ ఉంటుంది, ధార తెగదు. ఇక్కడా అదే. 8 కిలోబైట్ల బిందెలు రెండు పెట్టుకుంటే ఒక్కోటి పావు సెకనుకు సరిపోతుంది. కార్డు ఎంత బద్ధకించినా మాట తెగదు. ఒంపే పనిని డీఎంఏ అనే సహాయకుడికి అప్పగిస్తే ప్రధాన బుర్ర కాటా వైపు చూసుకుంటుంది.

తల తెగిన మాట

కొట్లో పెట్టి వినిపిస్తుంటే బాబాయ్ ఒక మాట అన్నాడు. "అన్నీ తెలుస్తున్నాయి గానీరా, కొన్నిసార్లు 'రవై' అంటోంది. ఇరవయ్యా, అరవయ్యా?"

కారణం ఇది. పనిలేనప్పుడు కరెంటు మిగలాలని, 'సుయ్' మనే చప్పుడు రాకూడదని యాంప్లిఫయర్‌ను నిద్రపుచ్చుతాం. అంకెలు రాగానే లేస్తుంది. కానీ లేచి ఒళ్లు విరుచుకోవడానికి దానికి కొంత సమయం పడుతుంది. ఈలోగా మాటలో మొదటి అచ్చు జారిపోతుంది. 'ట్వంటీ', 'సిక్స్‌టీ' అయితే ముందు కాస్త పోయినా మిగిలినదాన్ని బట్టి ఊహించొచ్చు. మన లెక్కల్లో తేడా అంతా తలలోనే ఉందాయె. ఇరవైకీ అరవైకీ మధ్య తేడా ఒకే ఒక్క అచ్చు. అది కూడా పొట్టి అచ్చు.

మందు తేలిక. ప్రతి వాక్యానికి ముందు పావు సెకను నిశ్శబ్దాన్ని పంపాలి. యాంప్లిఫయర్ దాని మీద లేచి కూర్చుంటుంది, తర్వాత మాట వస్తుంది. ఆ పావు సెకనులో ఒక చిన్న 'టింగ్' కలిపాను. చెవిని కూడా లేపాలి కదా. అయ్యాక యాంప్లిఫయర్‌ను టక్కున ఆపకుండా స్వరాన్ని మెల్లగా సున్నాకు దించితే 'డబ్' మనే చప్పుడూ పోతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేదు. కానీ మొత్తం పనిలో బాబాయికి ఎక్కువ అక్కరకొచ్చింది ఇదే.

పప్పుల డబ్బా మహిమ

స్పీకర్ ముందుకి ఎంత గాలిని తోస్తుందో వెనక్కీ అంతే లాగుతుంది. ఒట్టి స్పీకర్‌ను బల్లమీద పెడితే ముందు అల, వెనక అల కలిసి కింది స్వరాలు చెల్లుకు చెల్లయిపోతాయి. మాట పల్చగా, రేకు మీద గీసినట్టు వస్తుంది. మూతున్న ప్లాస్టిక్ డబ్బాకు రంధ్రం చేసి స్పీకర్ బిగించి, లోపల కాస్త దూది పెట్టి, సందుల్లేకుండా మూసేస్తే గొంతుకు కండ వస్తుంది. మూడంగుళాల స్పీకర్, పాత పప్పుల డబ్బా. ఖరీదైన చిప్పు మార్చినా ఇంత తేడా రాదు.

ఆ సైజు స్పీకర్ 200 హెర్ట్జ్ కంటే కింది స్వరాలను ఎలాగూ సరిగ్గా పలకలేదు. పంపితే అట్ట ఊగి మిగతా మాటను కూడా పాడు చేస్తుంది. వాటిని రికార్డింగ్‌లోనే తీసేస్తే గట్టిగా పెట్టినా గొంతు చీరదు. పై స్వరాలు టార్చిలైటు వెలుగులా తిన్నగా పోతాయి కాబట్టి స్పీకర్ ముఖం ఆయన చెవి వైపు ఉండాలి. యాంప్లిఫయర్ పక్కనే 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. గట్టిగా పలికే క్షణంలో కావాల్సిన కరెంటును అది అందిస్తుంది.

గొంతు పిన్నిది, వ్యాకరణం తెలుగుది

గొంతు ఎవరిది పెట్టాలన్న చర్చ లేకుండానే తేలిపోయింది. ఆయన చెవి ఏళ్ల తరబడి అలవాటు పడింది పిన్ని గొంతుకే. బట్టల బీరువా తెరిచి, పక్కన రెండు బొంతలు వేలాడదీసి, ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పెట్టి రికార్డు చేశాం. బట్టలు ప్రతిధ్వనిని మింగేస్తాయి. ఫ్యాను ఆపేశాం. రెండు గంటల ఉక్కపోత.

కాటా 5 గ్రాముల మెట్లలో చూపిస్తుంది కాబట్టి అయిదు నుంచి తొంభై అయిదు దాకా 19 మాటలు. వందలు, కిలోలు కలిపి మొత్తం డెబ్భైకి పైగా. ఒక్కోటి సెకను చొప్పున వేసుకున్నా రెండున్నర మెగాబైట్లు దాటవు. లెక్కకు చిన్నదే, కానీ తెలుగు తన పన్ను వసూలు చేస్తుంది. ఒట్టి 100 అయితే 'వంద'. వెనక ఇంకేమైనా ఉంటే 'నూట'. 'వంద ఇరవై' అని ఏ కొట్టువాడూ అనడు. 200 అయితే 'రెండు వందలు', 220 అయితే 'రెండు వందల ఇరవై'. 'కిలోలు', 'కిలోల' కూడా అంతే. ప్రతి వందకూ రెండు రూపాలు కావాలి. ఇంగ్లీషు యంత్రాన్ని తెచ్చి మాటలు మార్చేస్తే ఇవి రావు.

స్వరం సంగతీ ఉంది. అంకెల్ని ఎక్కాల్లా ఒక్కొక్కటే చదివితే ప్రతిదాని చివరా గొంతు దిగుతుంది. అలాంటి 'నూట' విన్నవాడు లెక్క అయిపోయిందనుకుంటాడు. అందుకని పిన్ని చేత పూర్తి వాక్యాలు చెప్పించి, మధ్యలోంచి ముక్కలు కోశాను. అల సున్నా దాటే చోట కత్తిరించి, అంచుల్ని 5 మిల్లీసెకన్ల పాటు మెల్లగా తేల్చితే అతుకు వినిపించదు. అన్ని ముక్కల బిగ్గరతనమూ ఒకే స్థాయికి తెచ్చాను.

"ఇదంతా సరే, పావు కిలోను రెండు వందల యాభై గ్రాములంటుందేంట్రా? ఊళ్లో ఎవరంటారు అలా?" అంది పిన్ని. న్యాయమే. పావు కిలో, అర కిలో, ముప్పావు కిలో, కిలోంబావు, కిలోన్నర కూడా చేరాయి.

కొన్నవాడికీ వినిపిస్తుంది

ఇప్పుడు పిన్ని పొలానికి వెళ్లినా కంది పప్పు అమ్ముడవుతుంది. కాటా పలికే మాట కొన్నవాళ్లకూ వినిపిస్తుంది కాబట్టి తూకం దగ్గర ఇద్దరికీ ఒకే సాక్ష్యం. "బాబాయ్, పిన్ని కాటాలో కూర్చుందేంటి?" అని కుర్రాళ్లు ఆటపట్టిస్తారు. ఆయన నవ్వుతాడు.

వాన పడితే మాత్రం రేకుల మీద మోతకు ఏ స్పీకరూ చాలదు. ఇంకా గట్టిగా పెడితే గొంతు పగులుతుందే తప్ప మాట తెలియదు. దానికో పెద్ద బొత్తం పెట్టాం, అరచేత్తో కొడితే చివరి మాట మళ్లీ చెబుతుంది. సందేహమొస్తే ఊహించకుండా ఆ బొత్తం కొట్టడం ఆయనకు అలవాటైంది.

మీ ఇంట్లోనో ఊళ్లోనో చూపు తగ్గినవాళ్ల కోసం ఇలాంటిది ఏదైనా చేయాలనుకుంటే ఒక సలహా. భాగాలు కొనకముందే ఇరవై నుంచి తొంభై దాకా ఎనిమిది పదుల్నీ వాళ్లకు అలవాటైన గొంతుతో ఫోన్లో రికార్డు చేయండి. ఫోన్‌ను వాళ్లు పనిచేసే చోటే పెట్టి, ఫ్యాను తిరుగుతుండగా, రోడ్డు మోతలో, వరస మార్చి వినిపించండి. ఏ అంకె దగ్గర తడబడుతున్నారో రాసుకోండి. పెట్టె తయారయ్యాక మళ్లీ అదే పరీక్ష, అదే చోట పెట్టండి. పాస్ మార్కులు వేయాల్సింది మీటరు కాదు, వినేవాళ్లే.